దస్తావేజు చదివేదెవరు?

జనాభా పెరిగినదనగానే నీటి ఎద్దడి, రైళ్ళలో రద్దీ గురించి అందరూ వ్రాస్తారు. తరతరాలుగా ఈ ప్రాంతంలో ఉన్న తెలుగు కుటుంబాలకు దానివల్ల వచ్చిన మరొక చిక్కును తమ పత్రిక ద్వారా మనవి చేయదలచినాను.

2001లో సుమారు 27.5 లక్షలున్న తిరువళ్ళూరు జిల్లా జనాభా 2011 నాటికి 37 లక్షలు దాటినది. అంటే పదేళ్ళలో నూటికి 35 పెరుగుదల. రాష్ట్రం మొత్తానికి అది నూటికి 16 లోపే. ఇందులో పెద్ద భాగం అంబత్తూరు, ఆవడి వంటి నగర శివార్లది (అంబత్తూరు 2018లో చెన్నై జిల్లాలో కలిసినది). అయినా ఆ ఒత్తిడి రైలుపట్టాల వెంబడి మా తిరుత్తణి దాకా వచ్చినది. వరి, చెరకు పండిన చేలలో హద్దురాళ్ళు పాతి ఇళ్ళ స్థలాలుగా అమ్ముతున్నారు.

నిరుడు మా అన్నదమ్ముల పిల్లలు ఒక మడిచెక్క బేరం పెట్టినారు. మా తాతగారి నాటి భాగపరిష్కార దస్తావేజు తెలుగులో ఉన్నది. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో చేరేవరకు తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనిది గదా! మా పిల్లలు ఇంజనీర్లు. ఇంట్లో తెలుగే మాట్లాడుతారు. చదవమంటే ఒక్కరికీ అక్షరం రాదు. కొనేవారి తరపు మనిషి చదివి చెప్పినదే వేదమైనది. ఉమ్మడి బావిలో మూడోవంతు హక్కు, బావికి పోయే బండిదారి ఆయన నోట రానేలేదు! నేను కళ్ళజోడు పెట్టుకొని పక్కన కూర్చున్నాను గనుక సరిపోయినది. నా తరువాత?

ఈ తప్పు కొత్తగా వచ్చినవారిది కాదు. వారు బతుకుతెరువుకు వచ్చినారు. వారివల్లనే మా అంగళ్ళు నడుస్తున్నవి, ఇళ్ళకు అద్దెలు వస్తున్నవి. 2006 నాటి చట్టంతో బడులలో తమిళం తప్పనిసరి అయినది. తమిళం మాకు పరాయిది కాదు, నేర్వవలసినదే. దానితోపాటు తెలుగుకు కూడా ఒక గంట ఇమ్మనే మా కోరిక. కాని దాపరికమెందుకు? ఆ చట్టం రాకముందే మనము పిల్లలను ఇంగ్లీషు బడులకు పంపి, తెలుగు పలకను అటకెక్కించినాము.

2011 లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు 42 లక్షలకు పైనే. ఆ తరువాతి జనాభా లెక్కకు 2027 మార్చి 1ని ప్రమాణ తేదీగా ప్రకటించినారు. లెక్కల ఉద్యోగి తమిళంలో అడిగినాడని మనవారు మాతృభాష కూడా తమిళమని చెప్పి ఊరుకోవద్దు. తెలుగు బడి కావాలని రేపు అడుగబోతే ముందు చూసేది ఆ అంకెనే.

అంతవరకు మా వీధి భజన మందిరంలో ప్రతి ఆదివారం ఉదయం నేనే పిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్నాను. వాచకం కొననక్కరలేదు, ఎవరి ఇంటి దస్తావేజు వారు తెచ్చుకొంటే చాలును. ఇప్పటికి నలుగురు వస్తున్నారు. తిరువళ్ళూరులోని పెద్దలెవరైనా తమ వీధిలో ఇట్లే మొదలుపెడితే సంతోషిస్తాను.

తిరుత్తణి
— ఒక వృద్ధ రైతు