కుట్టులేని అంగీ, చిరిగిన తెర

దొడ్డబళ్ళాపురపు నేతవీథులలో నడచువాని చెవిని మరమగ్గముల మ్రోత ఒక పట్టాన విడువదు. తెలుగు మాటలు, కన్నడపు మాటలు కలగలుపుగా వినవచ్చు ఆ వీథులలో పడుగు, పేక, నాడె, కండె యనునవి అన్నమువలె నిత్యవ్యవహారములు; విష్ణునాభికమలపు తంతువులను గొనివచ్చి లోకమునకు తొలిబట్ట నేసిన దేవలమహర్షి తమ మూలపురుషుడని చెప్పుకొను దేవాంగులు ఇచట నెందరో కలరు. ఇట్టి యూర నుండి శుభ శుక్రవారమునాడు సిలువకథను చదువుకొనువానికి, ముండ్లకిరీటముకంటెను మేకులకంటెను ముందుగా ఒక బట్ట కంటబడినచో నది వాని తప్పు గాదు.

యోహాను సువార్త పందొమ్మిదవ అధ్యాయమున ఆ బట్ట ప్రస్తావన యున్నది. యేసును సిలువవేసిన నలుగురు సైనికులు ఆయన వస్త్రములను నాలుగు పాళ్ళు చేసి పంచుకొనిరి. అంగీ యొక్కటి మిగిలినది. అది కుట్టు లేనిది, పైనుండి క్రిందివరకు ఏకముగా నేసినది. చింపినచో నలుగురికిని పీలికలే దక్కును గనుక చీట్లు వేసికొనిరి. నేతగాని కన్నుతో చూచినచో ఈ కొద్ది మాటలలో ఎంత పనితనము దాగియున్నదో తెలియును. ప్రాచీనపు నిలువుమగ్గములలో ఒక తెగయందు పడుగుపోగుల కొసలకు బరువులు వ్రేలాడగట్టి, పేకను పైనుండి ప్రారంభించి క్రిందికి నేయుదురు. మెడకు సందు విడిచి, అంగీ రూపమును మగ్గముననే తీర్చుట చేయితిరిగినవాని పని. యూదుల ప్రధానయాజకుని అంగీయు నిట్లే అతుకు లేనిదని చరిత్రకారుడు జోసీఫసు వ్రాసెను. మూడవ శతాబ్దమున కార్తేజు బిషప్పగు సిప్రియను ఈ అంగీయే సంఘైక్యమునకు గుర్తని బోధించెను. జర్మనీలోని ట్రియరు నగరపు ప్రధానాలయమున దానినే భద్రపరచితిమని భక్తులు నేటికిని నమ్ముదురు. ఆ నమ్మకముతో నాకిప్పుడు పని లేదు. నన్ను కలచునది ఆ సైనికుల వివేకము. బట్ట విలువ వారికి తెలిసినది, చింపుటకు మనసొప్పలేదు. ఆ బట్ట తొడిగిన దేహమును మేకులతో పొడిచి వచ్చి, రక్తమంటిన ఆ చేతులతోడనే వారు చీట్లు వేసిరి.

సిలువ యనగా నొప్పియని మన బోధకులు తరచుగా వర్ణింతురు. నొప్పి నిజమే, 1968లో యెరూషలేమున బయల్పడిన ఒక సమాధిలో, మేకు దిగి యట్లే నిలిచిపోయిన మడమ యెముక యొకటి దొరకినది. కాని రోమను ప్రభుత్వము నొప్పికంటె సిగ్గునే ఎక్కువగా నమ్ముకొన్నది. బానిసలకును తిరుగుబాటుదారులకును ఉద్దేశించిన ఆ శిక్షను, వచ్చిపోవు జనులెల్లరు చూచుచుండ, బట్టలూడ్చి అమలుపరచుటలోని ఆంతర్యము, చచ్చువానిని చావకమునుపే మనుష్యుల లెక్కనుండి కొట్టివేయుటయే. క్రీ.పూ. 71లో స్పార్టకసు అనుచరులను ఆరువేలమందిని కాపువా నుండి రోము వరకు దారిపొడవున వ్రేలాడదీసిన దిందులకే. తరువాతి చిత్రకారులు మర్యాదకై యేసు నడుమున నొక గుడ్డ చుట్టిరి. సైనికులకు అట్టి మర్యాద యుండెనని నమ్ముట కష్టము.

భారతము చదివిన తెలుగువానికి ఇచట ద్రౌపది స్ఫురింపక మానదు. నిండుసభలో ఆమె మొరపెట్టగా చీర తరుగక వచ్చినది, లాగినవాడు అలసి కూలబడినాడు. కల్వరిలోను మొర వినవచ్చినది. తన దేవుడు తన్నేల విడనాడెనో యని మ్రానిపై నున్నవాడు బిగ్గరగా నడిగినాడు. చీర రాలేదు. దీనిని త్వరత్వరగా దాటి పునరుత్థానపు ఉదయమునకు పరుగెత్తు భక్తిపై నాకు గురి తక్కువ. బట్ట ఈయగలవాడే బట్ట లేక నిలిచినాడు. లోకము ఎవరెవరిని ఒలిచి బజారున నిలబెట్టెనో వారి వరుసలో తానును ఒకడైనాడు. సిలువకు నాకు దోచిన యర్థము, నేను చేతులు జోడించునట్టిది, ఇది.

ఆ మధ్యాహ్నమే వేఱొక నేతపని చిరిగినది. యెరూషలేము దేవాలయమున అతిపరిశుద్ధస్థలమునకు అడ్డుగా, నీల ధూమ్ర రక్తవర్ణముల నూళ్ళతో నేసిన తెర యుండెను. దాని దళసరి బెత్తెడు, పొడవు నలువది మూరలు, వెడల్పు ఇరువది మూరలని యూదుల మిష్నా చెప్పును. కొంత అతిశయోక్తి యున్నను ఉండవచ్చును. దానిని దాటి లోనికి పోవు అధికారము ప్రధానయాజకునికొక్కనికే, అదియు ఏడాదికొక్క ప్రాయశ్చిత్తదినమున. యేసు ప్రాణము విడువగనే ఆ తెర పైనుండి క్రిందికి రెండుగా చిరిగెనని మత్తయియు మార్కును వ్రాసిరి. బంట్రోతులు సైతము చింపుటకు జంకిన అంగీ ఒకవంక. దేవుడు తన గుడిలో తానే చింపుకొన్న తెర యొకవంక.

ఆ తెరను మరల కుట్టి తగిలించుటలో మనవారు మిక్కిలి నేర్పరులైరి. మన పొరుగుననున్న చిన్నబళ్ళాపురమునను, పుంగనూరు, కృష్ణాపురము మొదలగు చోట్లను, పదునెనిమిదవ శతాబ్దపు తొలినాళ్ళలో ఫ్రెంచి జెస్యూట్ పాదిరీలు తెలుగువారి నడుమ పనిచేసిరి. కాషాయము కట్టి, మాంసము మాని, సన్న్యాసుల రీతిని బ్రతికి, తెలుగు నేర్చిన ఆ త్యాగధనులను నేను తక్కువ చేయజాలను. అయినను అగ్రవర్ణులు దూరమగుదురను భయమున మధుర మిషనువారును, దానిని అనుసరించిన ఈ కర్ణాట మిషనువారును పంచములకు ఎడము పాటించిరి. జబ్బుపడిన పంచముని యింటికి పాదిరీ పోయి తీరవలెనని పోపు ప్రతినిధి తూర్నోను 1704లో పుదుచ్చేరినుండి ఆజ్ఞ చేయవలసి వచ్చినది. నలువదియేండ్ల వాదోపవాదముల పిమ్మట 1744లో కుదిరిన సర్దుబాటేమి? పంచములకు వేఱుగా పాదిరీలను నియమించుట! ప్రొటెస్టంటులు ఈ విషయమున నవ్వుకొనుటకు వీలులేదు. మాలలకొక గుడి, మాదిగలకొక గుడి యున్న ఆంధ్రగ్రామముల నెఱుగనివా రెవరు?

గుడి తలుపు మనిషికి మూసియుండగా లోనికి పోగల గబ్బిలముచేత 'గబ్బిలము' కావ్యమున శివునకు సందేశము పంపించిన కవి గుఱ్ఱం జాషువయే 'క్రీస్తు చరిత్ర' వ్రాసి, 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానము నందుకొనెను. ఆ రెండు కావ్యములు ఒకే చేతినుండి వెలువడుట కాకతాళీయమని నేననుకొనను. తెర కివతల చిరకాలము నిలువబడినవానికి, అది చిరిగిన చప్పుడు వేఱుగా వినబడును.

ఈ యేడు ఏడుమాటల యారాధన ముగిసి, ఉపవాసము విడుచుటకు ముందు, సంఘపెద్దలు ఒక్కమారు తమ శ్మశానవాటికదాక నడచి, అందెవరి సమాధులు ఏ దిక్కున నున్నవో, నడుమ గోడ యేదైన గలదో చూచి రావలెనని నా విన్నపము.