సీటు కవరు మారిస్తే చాలదు

పటాన్‌చెరు, పాశమైలారం, సంగారెడ్డి ప్రాంతాల్లో యంత్రాల నడుమ బతుకుతున్న మనకు ఇనుము సంగతి వేరే చెప్పనక్కరలేదు. తడి తగిలి ఆరకపోతే తుప్పు పడుతుంది. పైన రంగు వేస్తే కనబడదు గాని, లోపల తినడం మానదు.

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో అంబాసిడర్ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. అయినా తండ్రి నడిపిన కారును అమ్మబుద్ధి కాక, సెలవు రోజుల్లో సొంత చేతులతో బాగుచేసుకునేవారున్నారు. ఆ పనిలో చేయి తిరిగినవారు కొత్త రెక్సిన్ కొనడానికి తొందరపడరు. ముందు సీట్లు విప్పి బయట పెడతారు. కింద పరచిన మ్యాటు ఎత్తి చూస్తారు. అద్దం చుట్టూ రబ్బరు పగిలిన చోటు నుంచి ఏటా దిగిన వాన నీరు ఆ మ్యాటు కిందే నిలుస్తుంది. రేకుకు ఎక్కడ చిల్లులు పడ్డాయో అప్పుడే బయటపడుతుంది. కుళ్లిన రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయాలి. మిగిలిన తుప్పు గీకి రెడ్ ఆక్సైడ్ పూయాలి. నీరు దిగుతున్న రబ్బరు మార్చాలి. సీటు స్ప్రింగులు, తలుపుల లోపలి అట్టలు, పైకప్పు గుడ్డ, మెరిసే పట్టీలు ఆ తర్వాతి పనులు. ఈ వరుస తప్పితే కొత్త మ్యాటే తడిని పట్టి ఉంచి తుప్పును పెంచుతుంది.

మన ఆత్మీయ జీవితంలో తప్పుతున్నది ఈ వరుసే. ఉజ్జీవ కూటాలు, ఉపవాస ప్రార్థనలు, కొత్త తీర్మానాలు మంచివే. కాని అవి పాత అన్యాయం మీద పరచిన కొత్త మ్యాటు కాకూడదు.

యేసు ప్రభువు పిలవకుండానే జక్కయ్య ఇంటికి వెళ్లాడు. కృపే ముందు నడిచింది. ఆ కృపను చేర్చుకున్న జక్కయ్య విందు పెట్టి ఊరుకోలేదు. ఆస్తిలో సగం బీదలకు పంచుతానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానని చెప్పాడు (లూకా 19:8). తన ఇంటి మ్యాటు తానే ఎత్తాడు.

మన సంఘాల్లో కార్మికులున్నారు, సూపర్‌వైజర్లున్నారు, లేబర్ కాంట్రాక్టర్లూ ఉన్నారు. ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చిన కూలీకి చివరి నెల జీతం ఎగ్గొట్టి, ఓవర్‌టైం గంటలు తగ్గించి రాసి, ఆ డబ్బులోంచి దశమభాగం తెచ్చి కానుక పెట్టెలో వేస్తే దేవుడు సంతోషిస్తాడా? ఇవ్వకుండా బిగపట్టిన కూలి మొరపెడుతుందని, ఆ కేక ప్రభువు చెవిని చేరుతుందని యాకోబు హెచ్చరించాడు (యాకోబు 5:4).

ప్రభువు రక్తంలో కడగబడ్డాక పాత లెక్కలు ఎందుకని కొందరంటారు. రక్షణ మన క్రియలతో కొనేది కాదు, నిజమే. కాని క్షమాపణ పొందినవాడి చేతిలో పొరుగువాడి సొమ్ము ఎలా మిగులుతుంది? దేవునికి మొరపెట్టుకున్నామని మనిషి బాకీ ఎగవేయలేం. పాస్టరుగారు మనకోసం ప్రార్థించగలరే గాని మన బాకీ తీర్చలేరు. ఇది ఎవరికి వారు సొంత చేతులతో చేసుకోవలసిన పని.

ఆ కూలీ ఊరు వెళ్లిపోయి ఉంటే అతని తోటివారిని అడిగి ఫోన్ నంబరు కనుక్కుందాం. లెక్క కట్టి డబ్బు పంపుదాం. ఆలస్యమైనందుకు క్షమించమని అడుగుదాం. కానుకను బలిపీఠం ముందే విడిచి, మొదట సహోదరునితో సమాధానపడమన్నాడు ప్రభువు (మత్తయి 5:23, 24). వచ్చే ఆదివారం కానుక కవరు నింపేముందు ఆ పని ముగిద్దాం.