వెనక సీటులో మనమూ ఉన్నాం!

"బండి నడిపేది మావారు కదా, జాగ్రత్తలేవో ఆయనకే చెప్పుకోండి" అనుకుని పేజీ తిప్పేస్తున్నారా? ఒక్క నిమిషం ఆగండి. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో హెల్మెట్ లేకుండా రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది బండి నడిపినవారు కారు, వెనక కూర్చున్నవారు. మన ఇళ్లలో ఆ వెనక సీటు ఎవరిదో వేరే చెప్పాలా? మనదీ, మన పిల్లలదీనూ.

పాతికేళ్లుగా బండి నడుపుతున్న మగవాళ్లని కాస్త కదిపి చూడండి. పడిన కథలకంటే "తృటిలో తప్పింది" అనే కథలే ఎక్కువ చెప్తారు. శ్రద్ధగా వింటే ఒక సంగతి తెలుస్తుంది. దెబ్బ తగలడంలోనూ, తప్పడంలోనూ వెనక కూర్చున్న మనిషికి చాలాసార్లు భాగం ఉంటుంది.

కొంగు ఎక్కడుంది?

మా చిన్న ఆడపడుచు పెళ్లయిన కొత్తలో జార్జెట్ చీర కట్టుకుని భర్తతో మోటారు సైకిల్ మీద సినిమాకి బయల్దేరింది. కొంగు గాలికి ఎగిరి వెనక చక్రంలో పడింది. అప్పుడే స్పీడ్ బ్రేకర్ వచ్చి ఆయన బండి నెమ్మది చేశారు కాబట్టి చీర చిరగడంతో సరిపోయింది. అదే వేగంగా పోతుంటే? 40 కిలోమీటర్ల వేగంలో మామూలు మోటారు సైకిల్ చక్రం సెకనుకి సుమారు ఆరు చుట్లు తిరుగుతుంది. "అయ్యో" అనేలోపే గుడ్డంతా చుట్టుకుని మనిషిని కిందికి లాగేస్తుంది. ప్రసిద్ధ నర్తకి ఇసడోరా డంకన్ 1927లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో చనిపోయింది ఇలాగే. మెడకి చుట్టుకున్న పొడవాటి స్కార్ఫ్ కారు చక్రంలో చిక్కుకుంది.

అందుకే మన మోటారు వాహనాల నిబంధనల్లోనే ఒక మాట రాసిపెట్టారు. మోటారు సైకిల్‌కి వెనక కూర్చునేవారు పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్ట్, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రాన్ని సగానికి తక్కువ కాకుండా కప్పే అడ్డు ఉండాలి. మనం శారీ గార్డ్ అనేది దాన్నే. బండి ముచ్చటగా కనబడదని మీ అబ్బాయి దాన్ని పీకించేస్తానంటే ససేమిరా ఒప్పుకోకండి. చీరైతే కొంగు నడుం చుట్టూ తిప్పి బొడ్లో దోపుకోండి. చున్నీ అయితే రెండు కొసలూ వెనక్కి వదలకుండా ముందుకి తెచ్చి ముడి వేసుకోండి.

కూర్చోవడంలో ఉంది

వీలైతే రెండువైపులా కాళ్లు వేసుకుని కూర్చోవడమే క్షేమం. చీరతో ఒకవైపుకే కూర్చోక తప్పకపోతే ఒక చేత్తో పిడి పట్టుకోండి, పాదం ఫుట్‌రెస్ట్ మీద ఆనించండి. ఒక చేతిలో కూరల సంచి, ఇంకో చేతిలో పెరుగు గిన్నె పట్టుకుని, ఒళ్లో పిల్లాడిని కూర్చోబెట్టుకుంటే సడన్ బ్రేక్ పడినప్పుడు దేన్ని పట్టుకుంటారు చెప్పండి?

మా మరిది తొలకరి వానలో మలుపు తిరుగుతుంటే బండి జారింది. తొలి చినుకులకి రోడ్డు మీది దుమ్మూ, ఆయిలూ కలిసి జిడ్డుగా తయారవుతాయి. వెనకున్న మా తోటికోడలు భయంతో అటూ ఇటూ ఊగకుండా బిగుసుకుని కూర్చుంది. ఆయన బ్రేకు జోలికి పోకుండా యాక్సిలరేటర్ తగ్గించి బండిని నిలదొక్కుకున్నాడు. మలుపులో బండి ఒకవైపు వంగితే మనం భయపడి రెండోవైపుకి ఒరగకూడదు. బండితో పాటే ఉండాలి.

తొందరపెట్టేది ఎవరు?

"కాస్త గట్టిగా పోనివ్వండి, ముహూర్తం దాటిపోతోంది" అనేది చాలాసార్లు మనమే. చిన్న లెక్క చూడండి. ఐదు కిలోమీటర్ల దూరం 40 వేగంతో వెళ్తే ఏడున్నర నిమిషాలు, 60తో వెళ్తే ఐదు. మిగిలేది రెండున్నర నిమిషాలు. జడ వేసుకోవడానికి కూడా చాలవు! కానీ 40లో బండి సెకనుకి 11 మీటర్లు పోతే, 60లో సుమారు 17 మీటర్లు పోతుంది. బ్రేకు వేశాక ఆగే దూరమైతే రెండింతలు దాటుతుంది. ఆ రెండున్నర నిమిషాలేవో ఇంట్లోనే ముందుగా లేచి మిగుల్చుకోవడం మేలు కదూ!

దారిలో కబుర్లు తగ్గించి మన కళ్లు కూడా రోడ్డు మీద పెడితే ఎంత లాభమో మా వదిన్ని అడగండి. కోతల రోజుల్లో పల్లె రోడ్డు మీద వడ్లు ఆరబోసి, కుప్ప చుట్టూ రాళ్లు పేర్చారు. చీకటి పడింది. ఎదుటి లారీ లైటు అన్నయ్య కళ్లల్లో కొట్టింది. వదిన "ముందు వడ్లు!" అని ఒక్క మాట చెప్పింది. ఆయన ముందే నెమ్మది చేసి పక్కకి తీసుకున్నారు. వడ్ల మీద బ్రేకు వేయడం గోలీల మీద నడవడం లాంటిదే. అయితే అరిచి కంగారుపెట్టడం, వీపు మీద కొట్టడం వద్దు. క్లుప్తంగా చెప్తే చాలు.

పూలు నలిగిపోతాయా?

1935లో ఇంగ్లండులో టి.ఇ. లారెన్స్ అనే ప్రసిద్ధుడు సైకిళ్ల మీద వస్తున్న ఇద్దరు కుర్రాళ్లని తప్పించబోయి మోటారు సైకిల్ మీంచి పడ్డాడు. తలకి దెబ్బ తగిలి ఆరు రోజులకి పోయాడు. ఆయన్ని చూసిన డాక్టర్లలో ఒకరైన హ్యూ కెయిర్న్స్ ఆ తర్వాత బండి ప్రమాదాల్లో తల గాయాల గురించి పరిశోధన చేసి, హెల్మెట్ ప్రాణం కాపాడుతుందని 1941లో రాశాడు. అదే సంవత్సరం బ్రిటిష్ సైన్యం తన మోటారు సైకిల్ సైనికులకి హెల్మెట్ తప్పనిసరి చేసింది.

మన 1988 మోటారు వాహనాల చట్టం కూడా వెనక కూర్చున్నవారికీ హెల్మెట్ ఉండాలనే చెప్తోంది. నాలుగేళ్లు దాటిన పిల్లలకీ అంతే. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల పిల్లల్ని తీసుకెళ్తే నడిపేవారికి కట్టే సేఫ్టీ బెల్టు, చిన్న హెల్మెట్ ఉండాలని, వేగం 40 దాటకూడదని 2023 ఫిబ్రవరి 15 నుంచి నిబంధన వచ్చింది.

కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. గడ్డం కింద పట్టీ బిగించి వెనక నుంచి ముందుకి లాగితే ఊడి రాకూడదు. పట్టీ పెట్టని హెల్మెట్ మూత పెట్టని డబ్బా లాంటిదే, పడగానే ఎగిరిపోతుంది. ఒకసారి గట్టి దెబ్బ తిన్నది పైకి బాగానే ఉన్నా లోపలి పొర నలిగిపోయి ఉంటుంది, మళ్లీ వాడకండి. ఇక పూలంటారా? చిన్న డబ్బాలో తడిగుడ్డ వేసి తీసుకెళ్లండి, పెళ్లింట్లో దిగాక తురుముకోవచ్చు. నడినెత్తిన ముడి మానేసి జడ కిందికి వేసుకుంటే హెల్మెట్ చక్కగా కూర్చుంటుంది.

ఇకమీదట బండి ఎక్కగానే మూడు చూసుకోండి. కొంగు దోపానా? కాలు ఆనించానా? పట్టీ పెట్టానా? మూడింటికీ "ఊఁ" అని సమాధానం వచ్చాకే "ఇక పోనివ్వండి" అనండి. అంతదాకా ఆయన్ని ఆగమనండి, ఏం ఫరవాలేదు!