ద్వీప విహారం: గది కంటె ఋతువు ముఖ్యం

మాల్దీవులకు విహారయాత్ర వెళ్ళదలచిన కుటుంబాలు గది సొగసును, అద్దెలో రాయితీని చూచి రిసార్టును నిర్ణయించుకొనడం నాకు సమ్మతం కాదు. ముందుగా ఋతువును, ఆపైన వైద్యసదుపాయాన్ని విచారించాలి.

అక్కడ మే నుండి అక్టోబరు వరకు నైరుతి ఋతుపవనాల కాలం. సముద్రం అలజడిగా ఉంటుంది. అద్దెలు తగ్గేదీ అప్పుడే! వర్షర్తువులో జఠరాగ్ని మందగించి, వాతం ప్రకోపిస్తుందని ఆయుర్వేదం చెబుతున్నది. కీళ్ళనొప్పులతో బాధపడే పెద్దలకు ఆ కాలంలో పడవప్రయాణం, పూటపూటా విందుభోజనం హితం కావు. జనవరి నుండి మార్చి వరకు సాధారణంగా పొడి వాతావరణం ఉంటుంది. ఖర్చు హెచ్చినా ఆ కాలమే మేలు.

ఇక రెండవది దూరం. అక్కడ సాధారణంగా ఒక్కొక్క రిసార్టుకు ఒక్కొక్క ద్వీపం. దూరద్వీపాలకు చేర్చే సీప్లేనులు పగటివేళనే ఎగురుతాయి. భారతదేశ సహాయంతో 1995లో ప్రారంభమైన ఇందిరాగాంధీ స్మారక ఆసుపత్రి రాజధాని మాలేలో ఉన్నది. అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే అంతదూరం ఎట్లా చేరగలరు? అందువలన హృద్రోగులు, మధుమేహం ఉన్నవారు, గర్భిణులు మాలేకు స్పీడుబోటులో త్వరగా చేరగల ద్వీపాన్నే ఎంచుకోవాలని నా అభిప్రాయం. పసిపిల్లలున్నవారికి నీటిపై కట్టిన గదులు తగవు.

డబ్బు కట్టేముందు రిసార్టువారిని రెండు ప్రశ్నలు అడగండి: ద్వీపంలో వైద్యుడు నివసిస్తున్నాడా? జావ, పెసరకట్టు వంటి పథ్యం వండిపెట్టగలరా? ఈ రెండింటికీ సూటిగా సమాధానం చెప్పినవారి ఇంటనే అతిథులుగా దిగండి.