ఊపిరి బిగబట్టకండి!

మా పల్లెల్లో ఈత వచ్చిందంటే మోటబావిలో మునిగి అడుగునున్న మట్టి పిడికెడు తెచ్చి చూపించడమే. ఎవడెక్కువసేపు ఊపిరి బిగబడితే వాడే మొనగాడు. బావిలో ఈ విద్య మంచిదే. వీపుకి గాలి సిలిండరు కట్టుకొని సముద్రంలో దిగినవాడికి మాత్రం ఇదే ప్రాణాంతకం. బాయిల్ సూత్రం రాసి మార్కులు కొట్టేసిన మనలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? చాలామందికి తెలీదనే నా అనుమానం.

బావిలో మునిగేవాడు గట్టుమీద పీల్చిన గాలితోనే దిగుతాడు. లోపల అది కుంచించుకుపోయి, పైకి రాగానే మళ్ళీ మొదటికొస్తుంది, అంతకు మించదు. స్కూబా సంగతి వేరు. 1943లో ఫ్రాన్సులో కూస్టో, గాన్యాన్ అనేవారు రూపొందించిన ఆ పరికరం, ఎంత లోతుంటే అంత ఒత్తిడితో గాలి అందిస్తుంది. 10 మీటర్ల లోతున ఒత్తిడి 2 అట్మాస్ఫియర్లు. అక్కడ పీల్చిన 5 లీటర్లు పైకొచ్చేసరికి 10 లీటర్లవుతానంటాయి. నోరు మూసుకుంటే ఊపిరితిత్తులు చిరిగి, గాలి బుడగలు రక్తంలో పడి మెదడుకెక్కుతాయి. ఇందుకు పాతాళం దాకా పోనక్కర్లేదు, నిండు ఊపిరితో ఉన్నవాడికి మీటరున్నర లోతు చాలు!

మరి అడుగున సిలిండరు ఖాళీ అయితే? ముందు జోడీగా దిగినవాడి దగ్గరుండే రెండో గొట్టం అందుకోవాలి. అతడు దూరంగా ఉండి, పైకి 6 నుంచి 9 మీటర్లే ఉంటే, తలెత్తి, ఒక చెయ్యి పైకి చాచి, 'ఆ...' అంటూ గాలి వదులుతూ నిదానంగా ఈదుకు రావాలి. "గాలే లేనివాణ్ణి గాలి వదలమంటావేమిట్రా?" అని మా రూమ్మేటు నవ్వాడు. లేనిది సిలిండర్లో, ఊపిరితిత్తుల్లో కాదు! ఉన్న కాస్తా పైకొచ్చేకొద్దీ పెరుగుతుంటుంది. నోట్లో గొట్టం మాత్రం తీయకూడదు. చుట్టూ ఒత్తిడి తగ్గాక ఖాళీ అనుకున్న సిలిండరే ఇంకో గుక్క ఇవ్వచ్చు. నీటిపైకి చేరాక జాకెట్టు నోటితో ఊదుకొని తేలాలి.

ఈ అభ్యాసమే ప్రమాదమని కొందరి వాదన. అందులో నిజముంది. అందుకే ముందు కొలనులో అడ్డంగా ఈదిస్తూ నేర్పుతారు. అసలు నేర్పకపోవడం అంతకంటే ప్రమాదం కాదూ? జలాంతర్గామి నావికుల కోసం విశాఖపట్నంలో ఐ.ఎన్.ఎస్. శాతవాహనలో 2024 డిసెంబరులో 'వినేత్ర' అనే శిక్షణ కేంద్రాన్నే ప్రారంభించారు. సెలవుల్లో సరదాకి దిగే విద్యార్థికి అంత హంగు అక్కర్లేదు. 'ఊపిరి బిగబట్టకు' అన్న మాట, ఎందుకో కారణంతో సహా, తెలుగులో అర్థమయ్యేదాకా అతణ్ణి నీళ్ళలోకి దించకూడదని నా అభిప్రాయం. బావి ఈతగాడికైతే రెండుసార్లు చెప్పాలి, వాడికి నమ్మకం ఎక్కువ!

ప్రాక్టికల్సులో క్విల్ ట్యూబు పక్కన ఈ లెక్క కూడా పెట్టమని ఫిజిక్సు మాస్టార్లను కోరుతున్నాను: 20 మీటర్ల లోతున 4 లీటర్లు పీల్చినవాడు, పైకి చేరేలోగా ఎన్ని లీటర్లు వదిలెయ్యాలి?