జాతరలో నాలుగడుగుల చోటు

సంక్రాంతి వెళ్లగానే కొమురవెల్లి మల్లన్న సన్నిధిలో ఆదివారాల సందడి మొదలై ఉగాది దాకా సాగుతుంది. మధ్యలో శివరాత్రికి వేములవాడ, కోటప్పకొండ. రెండేళ్లకోసారి మాఘంలో మేడారం. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమాను. భక్తులకు ఇవి మొక్కులు తీర్చుకునే రోజులు. గాజులు, బొమ్మలు, జీళ్లు, పేలాలు అమ్ముకునేవాళ్లకు మాత్రం ఏడాది తిండిగింజలు ఈ నాలుగైదు చోట్లే రావాలి.

సరుకు ఆటోలో వేసుకుని, పిల్లల్ని పైన కూర్చోబెట్టుకుని, జాతరకు రెండు రోజుల ముందే వచ్చి చోటు పట్టుకుంటారు. టార్పాలిన్ పరిచి, నాలుగు గుంజలు పాతి ఇంకా సరుకు విప్పకముందే మొదటి మనిషి వస్తాడు. కొనడానికి కాదు... చీటీల పుస్తకంతో! కోస్తాలో దీన్ని ఆశీలు అంటారు, తెలంగాణలో తైబజార్. అడిగినంత ఇచ్చి చీటీ తీసుకుంటే ఇక అమ్ముకోవడానికి అనుమతి దొరికినట్టే అనుకుంటారు చాలామంది.

చిక్కంతా అక్కడే ఉంది. ఆ చీటీ డబ్బు ముట్టిందనడానికి రుజువే తప్ప, ఆ చోట కూర్చునే హక్కుకు పత్రం కాదు.

పంచాయతీ తన స్థలంలో జరిగే సంతకూ తిరునాళ్లకూ రుసుము వసూలు చేసే హక్కును వేలం వేస్తుంది. గుడి తరఫున దేవాదాయ శాఖ కొబ్బరికాయల అమ్మకం, బొమ్మల దుకాణాలు, చెప్పుల స్టాండు, వాహనాల పార్కింగు... ఒక్కోదానికి ఒక్కో పాట పెడుతుంది. ఎక్కువ పాడినవాడు పాటదారు. ముందుగా కట్టిన సొమ్మును అతడు రెండు మూడు రోజుల్లో రాబట్టుకోవాలి. కాబట్టి అతణ్ని ఒక్కణ్నే తిట్టి లాభం లేదు. పాట ఎంతకు పోయిందో ఊరంతా చెప్పుకుంటారు గానీ, గాజుల బుట్టకు ఎంత, తోపుడు బండికి ఎంత, పది అడుగుల దుకాణానికి ఎంత అన్న ధరల బోర్డు మాత్రం ఎక్కడో గానీ కనిపించదు.

ఇక సరిహద్దుల సంగతి. ప్రాకారం పక్కనున్న స్థలం దేవస్థానానిది, దాటితే పంచాయతీది, ఆ పైన రోడ్డు అంచు రోడ్లు భవనాల శాఖది. రద్దీ పెరిగితే దుకాణం జరపమనేది పోలీసులు. డబ్బు తీసుకున్నది ఒకరు, లేవమనేది ఇంకొకరు. "చీటీ ఉందయ్యా" అంటే "అది వాళ్లిచ్చింది, మాకు సంబంధం లేదు" అనే జవాబు. మధ్యాహ్నం లేపేసిన దుకాణానికి పొద్దున కట్టిన ఆశీలు వెనక్కి రాదు.

వీధి వ్యాపారులకు చట్టమే లేదా అంటే, ఉంది. రోడ్డు పక్కన వ్యాపారం చేసుకోవడం పరిమితులకు లోబడి రాజ్యాంగం ఇచ్చిన హక్కేనని సుప్రీంకోర్టు 1989లో సోదాన్ సింగ్ కేసులో చెప్పింది. ఆ తర్వాత పాతికేళ్లకు, 2014లో, పార్లమెంటు వీధి వ్యాపారుల చట్టం తెచ్చింది. మంచి చట్టమే. అయిదేళ్లకోసారైనా సర్వే చేయాలి, సర్వేలో తేలినవారికి వ్యాపార ధ్రువపత్రం ఇవ్వాలి. పట్టణ విక్రయ కమిటీలో కనీసం నలభై శాతం మంది వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వారిలో మూడోవంతు మహిళలు. సరుకు పట్టుకుపోతే జాబితా రాసివ్వాలి. అడిగిన తర్వాత పాడైపోయే సరుకునైతే ఆ రోజే, మిగతాదాన్ని రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి.

అయితే ఈ చట్టం కార్పొరేషన్లు, మున్సిపాలిటీలు, నగర పంచాయతీల వంటి పట్టణ సంస్థలకు రాసింది. మేడారం పల్లెటూరు. కోటప్పకొండా అంతే. పెద్ద జాతరలు చాలావరకు జరిగేది పంచాయతీ ఊళ్లలోనే. విజయనగరం పట్టణమే కదా అనుకుందాం. అక్కడి సర్వేలో పేరున్నది ఏడాది పొడుగునా అక్కడ అమ్ముకునేవారికి. ఏటా ఒక్కసారి వేరే జిల్లా నుంచి వచ్చే బొమ్మలాయన ఆ జాబితాలో ఎక్కడుంటాడు? ఎప్పుడూ ఒక్కచోట ఉండనివాడు ఏ ఊరి లెక్కలోకీ రాడు.

తినుబండారాల లెక్క వేరు. ఆహార భద్రత చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనలు ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు అమ్మకాలున్న చిన్న వ్యాపారికి లైసెన్సు అక్కర్లేదు, నమోదు చాలన్నాయి. రుసుము ఏడాదికి 100 రూపాయలుగా పెట్టాయి. తాత్కాలిక దుకాణం, తిరిగి అమ్ముకునేవారు కూడా ఇందులోకే వస్తారు. ఇంకో మాట... ఆ నిర్వచనంలో మతపరమైన వేడుకల్లో, సామూహిక కార్యక్రమాల్లో ఆహారం పంచేవారూ ఉన్నారు. బజ్జీల బండి మీద వేలు చూపే అన్నదాన సంఘాలు ఈ సంగతి గమనిస్తే బాగుంటుంది. తూచి అమ్మేవారికి తూనికల శాఖ ముద్ర సరేసరి. రాళ్లకు రెండేళ్లకోసారి, ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా వేయించాలి. మేడారంలో నిలువెత్తు బంగారం పేరుతో బెల్లం తూచే చోట మోసం జరిగితే మొక్కుకే లోటు!

వీటన్నిటి మధ్య అనుమతి అంటే ఎలా ఉండాలో చూపించేది దీపావళి. స్నేహితులు ఇద్దరు ముగ్గురు డబ్బు కలిపి టపాసుల దుకాణం పెట్టడం ఏ ఊళ్లోనైనా కనిపించేదే. దానికి 2008 నాటి పేలుడు పదార్థాల నిబంధనల ప్రకారం తాత్కాలిక లైసెన్సు కావాలి. షెడ్డు నిప్పంటుకోని సామగ్రితో కట్టాలి. దుకాణానికీ దుకాణానికీ మధ్య కనీసం 3 మీటర్లు. ఎదురెదురుగా పెట్టకూడదు. ఒక్కచోట 50కి మించకూడదు. నూనె దీపాలు, గ్యాసు లైట్లు నిషిద్ధం. కరెంటు బల్బు కూడా తీగకు వేలాడకూడదు, గోడకో కప్పుకో బిగించాలి. స్విచ్‌లు గోడకు గట్టిగా అమర్చాలి, వరుసకొక మెయిన్ స్విచ్ ఉండాలి. దుకాణాలకు 50 మీటర్ల లోపు టపాసు కాల్చి చూపించకూడదు. వీటిని పక్కనపెట్టి, అద్దె కలిసొస్తుందని సందులో ఇంటి అరుగు మీద పెట్టి అమ్మే దుకాణం ఆ ఇంటికే కాదు, ఆ వీధికంతటికీ ముప్పు.

ఈ నియమాలు పాటించేచోట ముందే మైదానం చూస్తారు, సున్నంతో గీతలు గీస్తారు, వరుసలకు అంకెలు వేస్తారు. ఎవరి చోటు ఏదో దరఖాస్తు పెట్టినవారికి తెలుస్తుంది. రెవెన్యూ, పోలీసు, అగ్నిమాపక శాఖలు ఒకే మైదానం గురించి మాట్లాడుకుంటాయి. టపాసులకు భయపడి చేసే ఈ పని, గాజులమ్మే ఆమె కోసం చేయడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. జాతర ఏర్పాట్ల మీద అధికారులు ఎలాగూ సమావేశమవుతారు. తాగునీళ్లు, బస్సులు, క్యూలైన్ల సరసన దుకాణాల స్థలాన్ని కూడా చేర్చి, గీతలు గీసి, నంబరున్న చీటీ ఇస్తే సరిపోతుంది. ఆ చీటీని నాలుగు శాఖలూ ఒప్పుకోవాలి.

ధరల బోర్డు అంతకంటే సులువు. వేలం షరతులు రాసేది పంచాయతీ, దేవస్థానమే. ఏ దుకాణానికి ఎంత వసూలు చేయాలో, బోర్డు ఎక్కడ పెట్టాలో, తేదీ, మొత్తం వేసిన రసీదు ఇవ్వకపోతే పాటదారుకు జరిమానా ఎంతో ఆ కాగితంలోనే రాయవచ్చు. అడగాల్సింది పాట మొదలయ్యే ముందు. సుత్తి దెబ్బ పడ్డాక అడిగితే, "వచ్చే ఏడు చూద్దాం లెండి" అంటారు.