వెలుగునకు ముందే కదలు చూపు

అర్థములేని పనిని 'కోతిచేష్ట' యని కొట్టివేయుట మనకు అనాదిగా నలవాటు. టోక్యోలోని జుంటెండో విశ్వవిద్యాలయమున ఒకిహిదే హికోసాకాయు నాయన సహచరులును 1995 మొదలుకొని ప్రకటించిన పరిశోధనలను చదివినవారు ఆ మాటను వాడుటకు కొంచెము సంకోచింతురు.

అచ్చట కోతి యెదుట, వరుసకు నాలుగేసి చొప్పున, పదునారు మీటలుండును. వానిలో రెండు ఒక్కమారుగా వెలుగును. ఏది ముందు నొక్కవలెనో చెప్పువారు లేరు గనుక తప్పుచు, దిద్దుకొనుచు తెలిసికొనవలసినదే. ఇట్టి జతలు అయిదు. ఎక్కడ పొరబడినను, వైకుంఠపాళిలో పెద్దపాము మ్రింగినట్లు, మరల మొదటికే రావలెను. ఆ వరుసనే దినదినమును అభ్యసింపగా అభ్యసింపగా, తుదకు దీపము వెలుగక మునుపే కోతి చూపు రాబోవు మీటపై వ్రాలును. చెయ్యియు ఆ దిక్కునకే సాగును.

ఇది అభ్యాసమహిమ. నాకు దీనికంటె దాని అవధియే ఎక్కువ ఆశ్చర్యము గొలిపినది. చక్కగ వచ్చిన ఆ వరుసనే తలక్రిందులు చేసి చూపినపుడు కోతి క్రొత్తపాఠమునకు కూర్చున్నట్లే తడబడినది. తొలిదినములలో ఒక చేతితో నేర్చినది రెండవ చేతికిని అబ్బెను గాని, చిరకాలాభ్యాసముచే గట్టిపడిన నైపుణ్యము మాత్రము నేర్చిన చేతిని విడిచి రాలేదు. 1997లో ఆ పరిశోధకులే మెదడు లోతున నున్న స్ట్రయేటమ్ అను భాగమును అక్కడక్కడ మందుతో తాత్కాలికముగా స్తంభింపజేసి చూచిరి: ముందుభాగము స్తంభించినపుడు క్రొత్తవరుసలను నేర్చుట కుంటుపడినది, పుటామెన్ అనబడు భాగపు నడుమ స్తంభించినపుడు పాతవరుసలే చెడినవి. నేర్చుకొనుట కొక యిల్లు, నేర్చినదానికి వేరొక యిల్లు!

కోతికి నిజమైనదెల్ల మనుష్యునకును నిజమని నే ననను. అయినను, పదమూడవ యెక్కమును ఒక్క యూపిరిలో అప్పగించిన నేను, 'పదమూడెనిమిదు లెంత?' యని మాస్టారు హఠాత్తుగా నడిగినచో, లోలోపల ఒకటినుండి పరుగెత్తి వచ్చుచుండెడివాడను. వల్లెవేతను బడినుండి వెళ్లగొట్టవలెనను నేటి వాదము నాకు రుచింపదు. ముందడుగును ముందుగనే యెరిగించునది ఆ ఆవృత్తియే గదా. ఉపాధ్యాయులకు నా మనవి యొక్కటే: పిల్లవాడు ఎక్కమును తడుముకొనక అప్పగించిన నాడు, మెచ్చుకొని కూర్చుండబెట్టక, దానినే ఒకమారు క్రిందినుండి పైకి చెప్పింపుడు.